మాఫీ

ఖైతాన్‌లో ప్లైవుడ్‌కి ఇవతల మేము.
అవతల ఓబులేసు.
రాత్రంతా బేకరీలో కుబూసులు మోసి
తెల్లారి నిద్రపోయే మనిషి.
ఏడాదిన్నరగా వాడి గురక మాకు తెలుసు,
మా గొడవలు వాడికి తెలుసు.
ముఖాలు మాత్రం వంటగదిలో వంతు కోసం నిలబడ్డప్పుడు చూసుకున్నవే.

నిస్సీకి ఆదివారం ఒళ్ళు కాలింది.
నర్సరీలో ఇంకో ముగ్గురికి కూడా అన్నారు.
సోమవారం ముప్పై తొమ్మిదిన్నర.
మంగళవారం కళ్ళు చింతనిప్పులు,
రెండేళ్ళ పిల్లకి అంత కోపం ఎవరి మీద?
బుధవారం దగ్గు.

నేను ఏసీ మెకానిక్కుని.
కంప్రెసర్ మీద చెయ్యి పెట్టి
గ్యాస్ ఎంతుందో చెప్తాను.
మేడ మీద యూనిట్ గర్రుమంటే కిందనుంచే
బేరింగో, ఫ్యాన్ మోటారో చెప్పగలను.
ఆ రాత్రి
పదకొండు కిలోల పిల్ల రొమ్ము మీద చెవి ఆన్చి
ఏమీ చెప్పలేకపోయాను.
డొక్క లోపలికి పోతోంది, వస్తోంది.
ఏ స్క్రూ విప్పాలి?

గురువారం క్లినిక్కు.
ఫిలిప్పీన్ నర్సు ముక్కులో పుల్ల పెట్టి తిప్పింది.
పద్దెనిమిది దినార్లు.
రెండు గంటలకి ఒక పేరు వచ్చింది,
అడెనో వైరస్.
మా సుగుణ మూడుసార్లు అడిగించుకుని
అరచేతిలో రాసుకుంది.
పేరు తెలిస్తే తిట్టడానికి వీలు.
మందేది అన్నాను.
"మాఫీ దవా," అన్నాడు ఈజిప్టు డాక్టరు.

మాఫీ.
మా రాయచోటి పక్క
ఆ మాట కోసం చెవులు రిక్కించి బతికినాం.
పంట రుణం మాఫీ, వడ్డీ మాఫీ, కరెంటు బకాయి మాఫీ.
సొసైటీ గోడకి అంటించిన జాబితాలో
పేరుందేమోనని వేలు జరుపుతూ
మా నాయన ఎండలో నిలబడిన మధ్యాహ్నాలు.
ఈ దేశం వచ్చి ఎనిమిదేళ్ళు.
ఇక్కడ మాఫీ అంటే లేదని.
సెలవు మాఫీ, ఓవర్‌టైం మాఫీ, రేపు రా.
అన్నీ తెలిసి కూడా
ఆ ఒక్క క్షణం
రోగమే రద్దయిందనుకున్నాను.

డాక్టరు చేతులతో చెప్పాడు:
నీళ్ళు. మళ్ళీ నీళ్ళు. జ్వరానికి సిరప్.
యాంటీబయాటిక్ దీన్నేం చెయ్యదు.
డొక్క మరీ ఎగరేసినా, తాగడం మానేసినా,
పెదాలు నీలమైనా
అర్ధరాత్రయినా ఫర్వానియా ఆసుపత్రికి పరుగెత్తు.
ఏసీ గాలి వల్లనా అని అడిగాను.
కాదన్నాడు. నమ్మలేదు.
ఇంటికొచ్చి ఫిల్టరు కడిగాను.
ఆరకముందే మళ్ళీ కడిగాను.
అది కొళాయి పిడి మీద కూడా రోజులు బతుకుతుందట,
సుగుణ పన్నెండుమంది వాడే బాత్రూంలో
ప్రతి పిడినీ తోమింది,
ఎవరికీ కారణం చెప్పకుండా.

రాత్రి దగ్గు మాది.
పగటి దగ్గు ఓబులేసుది.
ప్లైవుడ్ దాటి పోతుంది, అద్దె కట్టకుండా.
గది ఖాళీ చెయ్యమంటాడేమోనని
దగ్గు తెర వచ్చినప్పుడల్లా సుగుణ
పిల్లని ఎత్తుకుని మెట్ల మీదికి పోయేది.
బయట దుమ్ము. ఊరంతా చాయ్ రంగు.
మళ్ళీ లోపలికి.

ఆదివారం తెల్లారగట్ల
నిస్సీ గౌను వీపు తడిసింది.
చెమట.
ఈ దేశంలో చెమటని చూసి
నేను సంతోషించడం అదే మొదలు.
అర గ్లాసు నీళ్ళు తాగింది,
చాలకపోతే ఏడ్చింది కూడా,
నా చొక్కా గుండీ పట్టుకుని పడుకుంది.
దగ్గలేదు.
సుగుణ గోడకానుకుని కూర్చున్నచోటే నిద్రపోయింది,
అరచేతిలో పేరు సగం చెరిగి.

డ్యూటీ దిగి ఓబులేసు వచ్చిన చప్పుడు.
చెప్పులు. మంచం.
చాలాసేపు ఏమీ లేదు.
తర్వాత తట్టాడు గోడని,
మూడుసార్లు, గోటితో.

"అన్నా," అంది ప్లైవుడ్,
"పాప దగ్గట్లేదేంది?"

తగ్గింది, నిద్రపోతాంది అన్నాను.
ఆ మాట బయటికి రావడానికి రెండుసార్లు పట్టింది.
అటువైపు మంచం కిర్రుమంది.
కాసేపటికి గురక.

బేరింగు బాగానే ఉంది అనుకున్నాను.
ఫిల్టరు ఇంకా కిటికీకి ఆరుతోంది.